ఆపరేషన్ తర్వాత ఊపిరిలో ఏం వెతుకుతున్నారు?

(చెన్నై టీ.నగర్‌లో తెలుగు కుటుంబాల ఆదివారం సభలో ఒక మత్తు డాక్టర్ చేసిన ప్రసంగం. చివర్లో సభికుల ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. పరిచయంలో నన్ను హార్ట్ డాక్టర్ అన్నారు. కాదండీ, నేను మత్తు డాక్టర్‌ని. గుండె, ఊపిరితిత్తులు, అన్నవాహిక లాంటి పెద్ద ఆపరేషన్లకు మత్తివ్వడం, ఆ తర్వాత ఐసీయూలో పేషెంట్ ఊపిరి సంగతి చూసుకోవడం నా పని. జనాన్ని నిద్రపుచ్చడమే వృత్తి కాబట్టి మీలో ఎవరైనా కాస్త కునికినా నేనేమీ అనుకోను.

ఆపరేషన్ అయ్యాక ఊపిరితిత్తులకు దెబ్బ తగిలిందా లేదా అన్నది, మనిషి వదిలే గాలిని బట్టి చెప్పవచ్చా? ఇదీ ఈరోజు విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఊపిరిలో కబురు ఉంది. దాన్ని పట్టే మిషన్లూ ఉన్నాయి. చిక్కంతా ఒక్కచోటే ఉంది. దొరికిన ఆ వాసన పేషెంట్ ఊపిరితిత్తులదా, మేమిచ్చిన మత్తుమందుదా, వెంటిలేటర్ ప్లాస్టిక్‌దా, బయటి రోడ్డుదా? ఇది తేల్చడంలోనే ఏళ్లు గడిచిపోతున్నాయి.

ముందు అసలు ఊపిరితిత్తులకు దెబ్బ ఎందుకు తగులుతుందో చూద్దాం. సర్జన్ బయటికొచ్చి ‘ఆపరేషన్ బాగా జరిగింది’ అంటారు. నెల్లూరు నుంచో తిరుపతి నుంచో వచ్చి గ్రీమ్స్ రోడ్డు లాడ్జీల్లో దిగినవాళ్లు ఆ మాట వినగానే ఊళ్లోవాళ్లకు ఫోన్లు చేస్తారు. సర్జన్ చెప్పింది నిజమే. కానీ పెద్ద ఆపరేషన్ తర్వాత మొదటి వారంలో మనిషిని వెనక్కి లాగేది చాలాసార్లు కోసిన చోటు కాదు, ఊపిరితిత్తులే. ‘నిమ్ము చేరిందట’, ‘మళ్లీ వెంటిలేటర్ మీద పెట్టారట’ అనే మాటలు మీరందరూ ఎక్కడో ఒకచోట వినే ఉంటారు.

మనిషికి సగటున 48 కోట్ల గాలి తిత్తులు ఉంటాయి. మత్తిచ్చి వెల్లకిలా పడుకోబెట్టగానే కండరాలు సడలి, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రమ్ అనే కండరం పైకి జరుగుతుంది. ఊపిరితిత్తుల వెనక భాగంలో, వీపు వైపున్న తిత్తులు కొన్ని ముడుచుకుపోతాయి. ఇది ఎవరికో అరుదుగా జరిగేది కాదు. మత్తులో ఉన్నవాళ్లకు స్కాన్ తీస్తే పది మందిలో తొమ్మిది మందికి ఎంతో కొంత కనిపిస్తుంది. ముడుచుకున్న తిత్తులు పక్కన ఉండగా, తెరుచుకుని ఉన్నవాటి మీద వెంటిలేటర్ గాలి భారం అంతా పడుతుంది. అవి అవసరానికి మించి సాగుతాయి. మూసుకున్నవి ప్రతి ఊపిరికీ తెరుచుకుని మూసుకుంటూ రాపిడికి గురవుతాయి. ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే అదీ తన వంతు హాని తాను చేస్తుంది.

గుండె పనీ ఊపిరితిత్తుల పనీ కాసేపు తాను చేసే బైపాస్ మిషన్ మీద గుండె ఆపరేషన్ చేస్తే కథ ఇంకొంచెం ముదురుతుంది. రక్తం ప్లాస్టిక్ గొట్టాల్లోంచి పోతుంది. పరాయి వస్తువు తగిలిందని రక్తంలోని రక్షణ వ్యవస్థ మేలుకుంటుంది. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు రెచ్చిపోయి ఊపిరితిత్తుల సన్నటి రక్తనాళాల్లో పోగుపడతాయి. ఆ సమయంలో ఊపిరితిత్తులకు వెళ్లే ప్రధాన రక్త ప్రవాహం దాదాపు ఆగి ఉంటుంది. మిషన్ ఆపి మళ్లీ రక్తం వదిలినప్పుడు ఆక్సిజన్ ఒక్కసారిగా వచ్చి పడుతుంది. అప్పుడు పుట్టే చురుకైన ఆక్సిజన్ రూపాలు కణాల పొరల్ని కాలుస్తాయి. అన్నవాహిక, ఊపిరితిత్తుల కాన్సర్ ఆపరేషన్లలోనైతే సర్జన్‌కు చోటు కావాలి కాబట్టి మేమే ఒక ఊపిరితిత్తిని కావాలని గంటలకొద్దీ ముడిచిపెడతాం. రెండోదాని మీద మొత్తం పని పడేస్తాం. చివర్లో ముడిచినదాన్ని మళ్లీ ఊదుతాం. దెబ్బ రెండు వైపులా తగులుతుంది, ఒక్కోదానికి ఒక్కో కారణం వల్ల.

ఈ దెబ్బను మేం ఇప్పుడు ఎలా పట్టుకుంటున్నాం? సాచురేషన్, అంటే వేలి క్లిప్పు చూపించే ఆక్సిజన్ శాతం, పడిపోతే, ఎక్స్‌రేలో తెల్లటి మచ్చలు వస్తే, రక్తంలో ఆక్సిజన్ లెక్క తగ్గితే. బాగా ముదిరిన స్థితికి ఏఆర్‌డీఎస్ అని పేరు. 2012లో బెర్లిన్ నిర్వచనం అని ఒకటి ఖరారైంది. కారణం జరిగిన వారం లోపల రావాలి, ఎక్స్‌రేలో రెండు వైపులా మచ్చలుండాలి, అది గుండె నీరసం వల్ల వచ్చిన నీరు కాకూడదు, రక్తంలోని ఆక్సిజన్ ఒత్తిడిని ఇస్తున్న ఆక్సిజన్ వంతుతో భాగిస్తే 300 లేదా అంతకన్నా తక్కువ రావాలి. మామూలు మనిషికి ఆ లెక్క 400 పైన ఉంటుంది. ఈ మధ్య ఆ నిర్వచనాన్ని కాస్త సడలించి, రక్తం తీయకుండా వేలి క్లిప్పు రీడింగుతో, అల్ట్రాసౌండ్‌తో కూడా చెప్పవచ్చన్నారు. చిన్న ఆస్పత్రులకు అది మేలు. కానీ గమనించండి, ఇవన్నీ దెబ్బ తగిలి, తిత్తుల్లోకి నీరు దిగాక కనిపించేవే. పొర కాలడం మొదలైన గంటకీ ఎక్స్‌రే తెల్లబడే గంటకీ మధ్య ఉన్న వ్యవధిలో మా దగ్గర సమాచారం దాదాపు ఏమీ లేదు. ఊపిరి మీద ఆశ పుట్టింది అక్కడే.

ఆశకు ఆధారం ఉంది. నిమిషానికి దాదాపు ఐదు లీటర్ల రక్తం ఊపిరితిత్తుల గుండా పోతుంది. రక్తానికీ గాలికీ మధ్య ఉన్న గోడ మైక్రాన్ కన్నా పలచన. ఆవిరయ్యే గుణం ఉన్న పదార్థం ఏదైనా రక్తంలో ఉంటే, అందులో కొంత ఊపిరిలోకి రాక తప్పదు. ట్రాఫిక్ పోలీసు గొట్టంలో ఊదమనేది ఈ ధైర్యంతోనే. 1971లో లైనస్ పాలింగ్, రెండు నోబెళ్లు అందుకున్న ఆయనే, ఊపిరిని బాగా చల్లబరిచిన గొట్టంలో పట్టి, వేడిచేసి, పదార్థాల్ని విడదీసి చూపే క్రోమటోగ్రఫీ మిషన్‌కు ఇచ్చి చూస్తే దాదాపు 250 రకాల పదార్థాలు తేలాయి. అప్పటిదాకా ఊపిరంటే నైట్రోజన్, ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి అనుకునేవాళ్లు. ఇప్పుడు ఆ జాబితా వందలు దాటి వేలల్లోకి పోయింది.

ఊపిరి పరీక్షలంటే కొత్త వింతేమీ కాదు. కడుపులో అల్సర్ క్రిమి ఉందో లేదో యూరియా తాగించి ఊదిస్తారు. ఆపరేషన్ థియేటర్‌లో నేను క్షణక్షణం చూసేది పేషెంట్ వదిలే కార్బన్ డయాక్సైడ్ గీతనే. ఆ గీత లేకుండా మత్తిచ్చే కాలం పోయింది. ఉబ్బసానికి నైట్రిక్ ఆక్సైడ్ పరీక్ష ఉంది. ఊపిరిలో ఆ వాయువు ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 1991లో చూపించారు. ఉబ్బసం ఉన్నవాళ్లలో అది ఎక్కువని 1993లో తేలింది. 2011 నాటికి అమెరికన్ థొరాసిక్ సొసైటీ లెక్కలు కూడా ఇచ్చింది. పెద్దవాళ్లలో 25 పీపీబీ లోపు ఉంటే తక్కువ, 50 దాటితే ఎక్కువ. పీపీబీ అంటే వంద కోట్ల వంతుల్లో ఒక వంతు.

మరి అదే పరీక్ష మా పేషెంట్లకు చేసేస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. సరిపోదు. ఉబ్బసంలో ఆ వాయువును పెంచే వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఇయోసినోఫిల్ అనే కణాలతో ముడిపడింది. ఆపరేషన్ తర్వాత వచ్చే వాపు న్యూట్రోఫిల్స్‌ది. రెండూ వాపులే అయినా జాతులు వేరు. బైపాస్ తర్వాత నైట్రిక్ ఆక్సైడ్ కొలిచినవాళ్లలో కొందరికి అది పెరిగినట్టు, కొందరికి తగ్గినట్టు కనిపించింది. పైగా ఆ పరీక్షకు సెకనుకు 50 మిల్లీలీటర్ల చొప్పున, కనీసం ఆరు సెకన్లు ఒకే వేగంతో ఊదాలి. రొమ్ముటెముక కోసి తీగెలతో కట్టిన మనిషిని నిన్ననే ఆపరేషన్ అయిన పూట అలా ఊదమంటే ఎలా కుదురుతుంది? పొగతాగేవాళ్లలో రీడింగు తగ్గుతుంది. ఆకుకూరల్లో ఉండే నైట్రేట్ వల్ల పెరుగుతుంది. ఆస్పత్రి గోడలోంచి వచ్చే గాలి సప్లయ్‌లోనే ఆ వాయువు కొంచెం ఉండొచ్చు. ఊపిరితిత్తుల బీపీ పెరిగిన గుండె పేషెంట్లకైతే మేమే నైట్రిక్ ఆక్సైడ్‌ను మందుగా ఇస్తాం, అదీ మిలియన్‌కు 20 వంతుల మోతాదులో. శరీరం తయారుచేసేదాని కన్నా అది వందల రెట్లు ఎక్కువ. ఇక కొలిచి ప్రయోజనం ఏముంది?

కాబట్టి వెతుకులాట వేరే రెండు దారుల్లో సాగుతోంది. ఒకటి ఆవిరి వాసనలు, రెండోది ఊపిరి నీళ్లు.

వాసనల సంగతి నాకు ఇష్టమైనది, కొంచెం నిలబడి చెప్తాను. మన కణాల పొరలు కొవ్వుతో కట్టినవి. న్యూట్రోఫిల్స్ వదిలే చురుకైన ఆక్సిజన్ ఆ కొవ్వుల్ని పట్టుకుని తెగ్గొడుతుంది. ఒమేగా-6 కొవ్వు తెగితే పెంటేన్ అనే చిన్న ముక్క రాలుతుంది, ఒమేగా-3 తెగితే ఈథేన్. వీటితో పాటు హెక్సనాల్ లాంటి ఆల్డిహైడ్లు. మీ వంటింట్లో చాలాకాలం మూత పెట్టి మరిచిపోయిన నూనె తెరిస్తే కనరు వాసన వస్తుంది చూశారా, అందులో ఉండేది ఈ హెక్సనాలే. గాలి తగిలి నూనె చెడడానికీ, వాపులో కణం పొర చెడడానికీ వెనకున్న రసాయన చర్య ఒక్కటే. తేడా అంతా మోతాదులోనే ఉంది. ఊపిరిలోని ఆ వాసన మన ముక్కుకు అందదు, అణువుల్ని బరువును బట్టి గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమీటర్‌కు అందుతుంది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో వెంటిలేటర్ మీదున్న ఐసీయూ పేషెంట్ల ఊపిరిని పరిశీలించి 2014లో ఒక ఫలితం ప్రకటించారు. ఆక్టేన్, అసిటాల్డిహైడ్, 3-మిథైల్‌హెప్టేన్ అనే మూడు పదార్థాలు కలిసి ఏఆర్‌డీఎస్ ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ బాగానే విడదీశాయి. అది చదివినప్పుడు మా రంగంలో చాలామందికి హుషారు వచ్చింది, నాకూ వచ్చింది. తర్వాత మరిన్ని ఆస్పత్రుల్లో, మరింత మందిలో చూసేసరికి ఆక్టేన్ ఒక్కదాన్ని నమ్ముకుని మంచం పక్కన రోగ నిర్ణయం చేయలేమని తేలింది. ఈ రంగంలో ఇలా మళ్లీ మళ్లీ జరుగుతోంది. చిన్న గుంపులో మెరిసిన పదార్థం పెద్ద గుంపులోకి వెళ్లేసరికి మసకబారుతుంది.

ఎందుకో ఆలోచించండి. ఆక్టేన్, పెంటేన్ అంటే ఏమిటి? పెట్రోలులో ఉండేవి. మౌంట్ రోడ్డులో బండి మీద గంటసేపు ట్రాఫిక్‌లో ఇరుక్కుని వచ్చిన మనిషి ఊపిరిలో అవి ఉంటాయి. మనలి రిఫైనరీ పక్కన ఇల్లున్న మనిషిలో ఉంటాయి. పీల్చినవి వెంటనే బయటికి పోవు. కొన్ని శరీరంలోని కొవ్వులో దాక్కుని తీరిగ్గా బయటికొస్తాయి. అందుకే గదిలోని గాలిని కూడా అదే వేళకు పట్టి, రెండింటి తేడా చూడాలి. ఆ తేడా చూపని పరిశోధన పత్రాన్ని నేను రెండో పేజీ తిప్పను.

బయటి గాలి సంగతి అలా ఉంచి ఆపరేషన్ థియేటర్‌లోకి రండి. నేను ఇచ్చే సీవోఫ్లూరేన్ మత్తు వాయువు పేషెంట్ లేచి కూర్చున్నాక కూడా రోజుల తరబడి ఊపిరిలో కొద్దికొద్దిగా వస్తూనే ఉంటుంది. మాస్ స్పెక్ట్రోమీటర్ గీతలో అది పెద్ద కొండలా లేస్తే, పక్కనున్న పెంటేన్ గడ్డిపోచ కనబడదు. సూదిమందు మత్తు ప్రొపోఫాల్ కూడా ఊపిరిలోకి వస్తుంది. దాన్ని కొలిచే మిషన్ యూరప్‌లో తయారైంది కూడా. ఆపరేషన్‌కు ముందు మీరు పొద్దున్నుంచి ఏమీ తినరు కాబట్టి అసిటోన్ పెరుగుతుంది. నర్సమ్మ చేతులకు రాసుకునే స్పిరిట్, చర్మం తుడిచే మందు, కొత్తగా చించిన ప్లాస్టిక్ గొట్టాల కంపు, ఇవన్నీ అదే గొట్టంలో కలుస్తాయి. పాపం పేషెంట్ ఊపిరితిత్తుల నుంచి వచ్చే ఆ చిన్న కబురు ఈ గోలలో వినబడాలి.

ఎలక్ట్రానిక్ ముక్కు అని ఇంకొకటి ఉంది. పది పదిహేను రకాల సెన్సర్లు పెట్టి, ఏ పదార్థం ఎంత అని అడగకుండా, మొత్తం మీద ఒక నమూనా తీసుకుంటారు. కంప్యూటర్ ఆ నమూనా చూసి ‘ఇది జబ్బు, ఇది కాదు’ అంటుంది. చవక, త్వరగా అవుతుంది. నాకైతే దాని మీద అంత గురి లేదు. ఏ పదార్థం వల్ల ఆ మాట అంటోందో తెలియకపోతే, అది పట్టింది వాపునా, వార్డులో ఆ రోజు మార్చిన ఫ్లోర్ క్లీనర్‌నా అన్నది ఎలా తేల్చేది? అందులో వాడే సెన్సర్లు చాలావరకు తేమకు కూడా స్పందిస్తాయి. చెన్నై తేమ గురించి మీకు చెప్పాల్సిన పని లేదు.

ఇక ఊపిరి నీళ్లు. చలికాలం కిటికీ అద్దం మీద ఊదితే చెమ్మ పడుతుంది కదా, దాన్నే పట్టుకుంటారు. పేషెంట్‌ను నోటిగొట్టంలోకి మామూలుగా ఊపిరి వదలమంటారు. ఆ గాలి మంచులా చల్లగా ఉన్న గొట్టంలోంచి పోతుంది. పది నిమిషాలకు అడుగున ఒకటి రెండు మిల్లీలీటర్ల ద్రవం చేరుతుంది. చూడ్డానికి కుళాయి నీళ్లే. నూటికి తొంభైతొమ్మిది పాళ్లకు పైగా నీళ్లే కూడా. మిగిలిన ఆ ఒక్క పాలు కన్నా తక్కువలో, ఊపిరితిత్తుల లోగోడ మీదుండే ద్రవం నుంచి ఎగిరిన సన్నటి తుంపర్లు ఉంటాయి. వాటిలో హైడ్రోజన్ పెరాక్సైడ్, 8-ఐసోప్రోస్టేన్, ల్యూకోట్రయీన్లు, సైటోకైన్లు లాంటి ఆక్సిజన్ దెబ్బ గుర్తులు, వాపు గుర్తులు దొరుకుతాయి. ఆమ్లత్వం కూడా చూస్తారు. వాపు ఉన్న ఊపిరితిత్తుల నీళ్లు పులుపు వైపు జరుగుతాయి.

ఒక ఊపిరితిత్తిని ముడిచి చేసే ఆపరేషన్లలో మాకొక అరుదైన సౌకర్యం ఉంది. గొంతులో వేసే గొట్టంలో రెండు దారులుంటాయి, ఎడమకొకటి, కుడికొకటి. కాబట్టి ఏ ఊపిరితిత్తి నీళ్లు ఆ ఊపిరితిత్తివే పట్టవచ్చు. అలా పట్టి చూసినప్పుడు, ముడిచి ఉంచిన సమయం పెరిగేకొద్దీ, తిరిగి ఊదాక ఆ నీళ్లలో ఆక్సిజన్ దెబ్బ గుర్తులు పెరుగుతాయని తేలింది. నా దృష్టిలో ఈ రంగం మొత్తంలో శుభ్రమైన సాక్ష్యం ఇదే. అదే మనిషి, అదే మత్తు, అదే గది, అదే గంట. బయటి వాసనలన్నీ రెండు వైపులకూ సమానం. మిగిలింది ఊపిరితిత్తికి జరిగినదొక్కటే.

కానీ ఈ నీళ్లకూ తగులాటాలున్నాయి. తుంపర్లు ఎన్ని రెట్లు పలచబడ్డాయో కచ్చితంగా చెప్పలేం, వేల రెట్లు ఉంటుంది. ఒకరికి రెండు వేల రెట్లు, ఇంకొకరికి పది వేల రెట్లు అయితే, కనబడిన తేడా వాపుదా, నీళ్లదా? లాలాజలం కలిసిందేమో, అందులో ఉండే అమైలేజ్ అనే ఎంజైమ్ కోసం పరీక్ష చేసి చూడాలి. వెంటిలేటర్ మీదైతే ఇంకో విచిత్రం ఉంది. గాలిని తేమగా ఉంచడానికి గొట్టానికి ఒక ఫిల్టర్ పెడతాం, అది మనం పట్టాలనుకున్న చెమ్మనే తనలో దాచుకుంటుంది. ఫిల్టర్ తీసేసి నీళ్లు వేడిచేసే డబ్బా పెడితే ఆ నీళ్లు వచ్చి మన నీళ్లలో కలుస్తాయి.

ఇంత చెప్పి కూడా నేను దీన్ని ఎందుకు వదలడం లేదంటే, ఆపరేషన్ పేషెంట్‌కు మరే పేషెంట్‌కూ లేని అనుకూలత ఒకటుంది. నిమ్ముతోనో, పాముకాటుతోనో ఐసీయూకి వచ్చిన మనిషి బాగున్నప్పుడు ఊపిరి ఎలా ఉండేదో మాకు తెలియదు. బైపాస్‌కు మంగళవారం డేట్ ఇచ్చిన మనిషి సోమవారం సాయంత్రం మా ముందే కూర్చుని ఉంటాడు. అతని ఊపిరి అప్పుడే పట్టవచ్చు. దెబ్బ ఏ గంటకు తగులుతుందో కూడా మాకు ముందే తెలుసు. నేటి ఊపిరిని పుస్తకంలోని అంకెతో పోల్చనక్కర్లేదు, అతని నిన్నటి ఊపిరితోనే పోల్చవచ్చు. మన ఊళ్లలో ఇది మరీ ముఖ్యం. పాత క్షయ మచ్చలు, కట్టెపొయ్యి పొగ, బీడీలు, ఇలాంటి ఊపిరితిత్తులతో వచ్చేవాళ్లు మనకు చాలామంది. తాంబరంలో డాక్టర్ చౌరీ ముత్తు 1928లో శానిటోరియం పెట్టారు. ఈ ప్రాంతం ఊపిరితిత్తుల చరిత్ర అంత పాతది. పొగ లేని ఊళ్లో తయారైన నార్మల్ అంకె తెచ్చి ఇక్కడివాళ్ల మీద పెడితే కుదరదు.

ముందే తెలిస్తే చేసేదేమైనా ఉందా, లేక తెలుసుకుని కూర్చోవడమేనా? ఉంది. 2000లో అమెరికాలో 861 మంది ఏఆర్‌డీఎస్ పేషెంట్లతో ఒక పరిశోధన జరిగింది. వెంటిలేటర్ ప్రతి ఊపిరికీ కిలోకు 12 మిల్లీలీటర్ల గాలి ఇవ్వడానికి బదులు 6 మిల్లీలీటర్లు ఇస్తే మరణాలు 39.8 శాతం నుంచి 31 శాతానికి తగ్గాయి. కొత్త మందేమీ లేదు, మిషన్ మీద మీట తిప్పడమే. 2013లో ఫ్రాన్స్‌లో పెద్ద కడుపు ఆపరేషన్లు చేయించుకున్న 400 మందిలో ఇదే పద్ధతిని ఆపరేషన్ టేబుల్ మీదనే, ఇంకా జబ్బు రాకముందే వాడారు. ముడుచుకున్న తిత్తుల్ని మధ్యమధ్య తెరిచే పద్ధతి కూడా కలిపారు. పెద్ద ఇబ్బందులు 27.5 శాతం నుంచి 10.5 శాతానికి పడిపోయాయి. ఇక్కడ కిలో అంటే తూకం మిషన్ చూపించే కిలో కాదు, ఎత్తును బట్టి లెక్కగట్టిన బరువు. లావెక్కితే పొట్ట పెరుగుతుంది, ఊపిరితిత్తులు పెరగవు. ఐదడుగుల ఆవిడ తొంభై కిలోలున్నా ఆమె ఊపిరితిత్తులు ఐదడుగుల మనిషివే. ఈ ఒక్క సంగతి మరిచిపోతే ఆవిడకు దాదాపు రెండింతల గాలి కొట్టేస్తాం.

కాబట్టి ఊపిరి పరీక్ష మంచం పక్కకు వస్తే నేను దాన్ని ఎక్కడ వాడతానంటే, ఆపరేషన్ మధ్యలోనే. పెంటేన్ గీత పైకి లేస్తోందంటే గాలి ఇంకొంచెం తగ్గించాలి, ఆక్సిజన్ తగ్గించాలి, సర్జన్‌ను ‘ఒక్క పది నిమిషాలు ఈ ఊపిరితిత్తిని ఊదుకోనివ్వండి సార్’ అని అడగాలి. ఇప్పుడు ఆ మాట అడగడానికి నా దగ్గర అనుభవం తప్ప ఇంకేమీ లేదు. అంకె చూపించి అడిగితే వినేవాళ్లు ఎక్కువ ఉంటారు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.

ఒక గృహిణి: డాక్టరు గారూ, మా ఆయనకి వచ్చే నెల బైపాస్. ఈ ఊపిరి పరీక్ష ఎక్కడ చేస్తారు? ఎంతవుతుంది?

ఎక్కడా చేయరమ్మా. పరిశోధనకు తప్ప ఆస్పత్రిలో మామూలుగా వాడే స్థితికి ఇది ఇంకా రాలేదు. ఎవరైనా ప్యాకేజీలో కలిపి అమ్మజూపితే డబ్బు కట్టకండి. దానికి బదులు ఆయన చేత ఇప్పటినుంచే చేయించాల్సినవి ఉన్నాయి. సిగరెట్ అలవాటుంటే ఈరోజే మానిపించండి, కనీసం నాలుగు వారాల వ్యవధి దొరికితే మంచిది. ఆపరేషన్‌కు ముందే ఫిజియోథెరపిస్ట్‌తో ఒక అరగంట కూర్చోబెట్టమని అడగండి. 2018లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో కడుపు ఆపరేషన్ల వాళ్లకు ఒక్కసారి, అరగంట మాత్రమే, ఊపిరి వ్యాయామాలు ముందుగా నేర్పించి చూశారు. తర్వాత ఊపిరితిత్తుల ఇబ్బందులు 27 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. బైపాస్ వేరు, నిజమే, కానీ నష్టం లేని పని. ఇంకొకటి, ఊపిరి వ్యాయామానికి మూడు బంతుల డబ్బా ఇస్తారు. చాలామంది దాన్ని బుడగలా ఊదుతారు, బంతులు లేవలేదని నర్సును పిలుస్తారు. అది పీల్చేదమ్మా. నెమ్మదిగా లోపలికి పీల్చి, బంతిని రెండు మూడు సెకన్లు పైనే నిలబెట్టాలి. డబ్బా ఒక్కటే కాపాడుతుందని కూడా నేను అనను. లేచి కూర్చోవడం, దిండు గుండెకు అదుముకుని దగ్గడం, వార్డులో నాలుగడుగులు వేయడం, రెండు పూటలా పళ్లు తోముకోవడం, ఇవి దానికన్నా తక్కువేమీ కావు.

ఒక పెద్దాయన: కోవిడ్ అప్పటినుంచి మా ఇంట్లో వేలి క్లిప్పు ఉంది. సాచురేషన్ 97, 98 ఉంటే ఊపిరితిత్తులు బాగున్నట్టే కదా నాయనా?

ఇంట్లో, మామూలు గాలి పీలుస్తున్నప్పుడు అయితే చాలావరకు అవునండీ. కానీ ఆస్పత్రిలో ముక్కుకు ఆక్సిజన్ పెట్టాక ఆ అంకె మనల్ని మోసం చేస్తుంది. రక్తంలోని ఆక్సిజన్ ఒత్తిడి చాలా తగ్గేదాకా సాచురేషన్ పెద్దగా కదలదు, ఆ తర్వాత జారితే గబుక్కున జారుతుంది. నిమిషానికి మూడు లీటర్ల ఆక్సిజన్ మీద 98 ఉన్న మనిషికి ఊపిరితిత్తులు ఇబ్బందుల్లో ఉండవచ్చు. మీవాళ్లను చూడ్డానికి వెళ్లినప్పుడు ‘సాచురేషన్ ఎంత’ అని ఒక్కటే అడగకండి, ‘ఎంత ఆక్సిజన్ మీద అంత’ అని అడగండి. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో మీరే లెక్కపెట్టండి. ముప్పై దాటిందంటే అంకె ఎంత బాగున్నా నర్సును పిలవాల్సిందే.

ఒక యువకుడు: సార్, నేను ఓఎంఆర్‌లో సెన్సర్ల కంపెనీలో పనిచేస్తాను. మా ఫ్రెండ్స్ కలిసి ఊపిరి పరికరం చేయాలనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

మంచిది బాబూ. మీవాళ్లు ముందు చేసే పనేమిటో నేను చెప్పగలను. పేషెంట్ దగ్గరికి తెచ్చి, ఒక గీత తీసి, కంప్యూటర్‌కు నేర్పడం మొదలుపెడతారు. అది తర్వాత. ముందు పేషెంట్ లేని వెంటిలేటర్‌కు తగిలించండి. కొత్త గొట్టాలు, ఫిల్టర్, గోడలోంచి వచ్చే గాలి, అంతే. ఉత్త మిషన్ ఊదిన గాలిలో ఏముందో గంట గంటకూ రాయండి. మర్నాడు పొద్దున ఒకసారి, ఏసీ ఆపాక ఒకసారి, ఫ్లోర్ తుడిచాక ఒకసారి. తర్వాత అదే మిషన్‌లో సీవోఫ్లూరేన్ వేసి, ఆపి, అది ఎన్నాళ్లకు పోతుందో చూడండి. ఆ పట్టిక తయారయ్యాక నాకు ఫోన్ చేయండి, అప్పుడు మనం, మనుషుల మీద పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి కాగితం రాద్దాం.